మామయ్య మిషను, కోడలి సంతకం

ఉత్తరం

ఒడిశాలోని రాయగడ జిల్లా నుంచి ఒక డాక్టరు రాశారు. పేరూ ఊరూ బయట పెట్టవద్దన్నారు. తొమ్మిది పేజీల ఉత్తరాన్ని కుదించి చెబుతున్నాను.

ఆమెకు ముప్పై నాలుగేళ్లు. రేడియాలజీలో ఎం.డి. చేసి, ఆ తర్వాత ఒక పెద్ద నగరంలో ఏడాదిపాటు పిల్లల రేడియాలజీలో ప్రత్యేక శిక్షణ పొందారు. పెళ్లి మేనమామ కొడుకుతో. అంటే మేనమామే మామగారు. ఊళ్లో ఆయనకు స్కానింగ్ సెంటర్ ఉంది. ఆమె పి.జి. ఫీజులు కట్టింది ఆయనే. చదువయ్యాక ఆ సెంటర్లోనే చేరారు. భర్త అక్కడే లెక్కలు చూస్తారు. ఏడేళ్ల పాప ఉంది.

చేరిన మొదటి వారంలోనే ఆమె ఒక సంగతి గమనించారు. మూడేళ్ల పిల్లకూ ముప్పై ఏళ్ల మనిషికీ సీటీ మిషనులో ఒకే సెట్టింగు, అంటే ఒకే మోతాదు ఎక్స్‌రే కిరణాలు. పిల్లలకు తగ్గించమంటే, ఇరవై రెండేళ్లుగా అక్కడ పనిచేస్తున్న టెక్నీషియను "బొమ్మ మసకగా వస్తే తిట్లు తినేది నేను కదమ్మా" అన్నాడు. అవసరం లేదని తోచిన స్కాన్లను ఆమె చీటీ రాసి వెనక్కి పంపడం మొదలుపెట్టారు. పంపే డాక్టర్లు అలిగి, పక్క వీధిలో కొత్తగా వెలిసిన సెంటరుకు రాయసాగారు. "నా డబ్బుతో చదువుకుని నా కొట్టుకే తాళం వేయిస్తావా" అన్నారు మామగారు. అత్తగారిది ఇంకో బాధ. "ఊరి పిల్లల మీద కిరణాలు పడుతున్నాయని గోల పెడతావు, రేపు నీ కడుపున పడబోయే బిడ్డ సంగతేమిటి? ఆ ఉద్యోగం మానెయ్" అంటారు. భర్త ఏమీ అనరు. "మామయ్య అరుపు కంటే బావ మౌనమే కష్టంగా ఉంది" అని రాశారు.

ఇంతలో విశాఖపట్నంలోని ఒక పిల్లల ఆసుపత్రి నుంచి ఉద్యోగం వచ్చింది. నెలాఖరులోగా చెప్పాలి. "వెళ్లనా, ఉండి పోరాడనా, ఎక్స్‌రే మిషన్ల భద్రత చూసే అణుశక్తి నియంత్రణ మండలికి ఫిర్యాదు చేయనా? ఈ పనినే జీవితంగా చేసుకుని గెలిచిన మహిళా డాక్టర్ల గురించి చదువుకున్నాను. మా మూలన అది సాధ్యమేనా?" ఇదీ ప్రశ్న.

జవాబు

డాక్టరమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మామయ్యగారికి నాలుగు పేజీలు, అత్తయ్యగారికి రెండు, విశాఖ ఉద్యోగానికి ఒకటిన్నర కేటాయించారు. ఆరో పేజీ అడుగున మాత్రం రెండే వాక్యాలు రాసి పేజీ తిప్పేశారు. "బైకు మీద నుంచి పడిన నాలుగేళ్ల బాబును, మగతగా ఉన్నాడని చీటీ రాసి పంపారు. సీటీ తీస్తే క్యాన్సర్ రావచ్చని తల్లికి చెబితే భయపడి తీసుకెళ్లిపోయింది, తర్వాత విశాఖలో తీయించారట, తలలో చిన్న రక్తస్రావం ఉందట, ఆపరేషన్ లేకుండానే తగ్గిందట." మూడు ‘అట’ల వెనక దాక్కున్నారు. మీ చిక్కుముడికి కొస అక్కడే ఉంది.

నేను పిల్లల డాక్టరుగా ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసి రిటైరయ్యాను. మీకు తెలియని రేడియాలజీ నేను చెప్పలేను. కానీ ఆ బాబు తల్లి లాంటివాళ్లను వేలమందిని చూశాను. 2009లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం మీరు చదివే ఉంటారు. ఉత్తర అమెరికా ఆసుపత్రులకు తలకు దెబ్బతో వచ్చిన 42,412 మంది పిల్లలను చూసి, ఎవరికి సీటీ అక్కర్లేదో తేల్చారు. తెలివిగా ఉండి, పెద్ద దెబ్బ తగలక, మళ్లీమళ్లీ వాంతులు కాక, మామూలుగా ఆడుకుంటున్న పిల్లను కొన్ని గంటలు కళ్లముందు ఉంచుకుంటే చాలు. అనవసరపు స్కాన్లను ఆపడానికి మీ చేతిలో ఉన్న మంచి ఆయుధం అది. అయితే అదే కొలమానం ప్రకారం మగతగా ఉన్న పిల్లవాడికి సీటీ తీయాలి. ఆ రోజు చీటీలో ‘మగత’ అన్న మాట ఉంది. మీరు చీటీని చదవలేదు, చీటీ రాసిన డాక్టరును చదివారు. ఆయన పంపేవన్నీ అనవసరాలే అని అప్పటికే తీర్మానించుకున్నారు.

ఇది నిందగా రాయడం లేదు. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఊపిరాడని పసిగుడ్డుకు వార్డులోనే ఎక్స్‌రే తీయిస్తూ, కదలకుండా రెండు చేతులతో నేనే పట్టుకున్నాను. కిరణాలను ఆపే సీసపు ఏప్రన్ లేదు, అడగాలని తోచనూ లేదు. కడిగి తెచ్చిన ఫిల్ములో బిడ్డ ఛాతీ పక్కన నా వేళ్ల ఎముకలు ఉంగరంతో సహా పడ్డాయి. ప్రొఫెసరుగారు దాన్ని దీపంపెట్టెకు తగిలించి, "పేషెంటు ఒకరా, ఇద్దరా?" అని అడిగారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత నేను మళ్లీ ఆ పని చేయలేదు. ఆయన నలుగురిలో అరిచి ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు. బహుశా ఆయన లేని పూట చూసి తీయించేదాన్ని.

ఇక క్యాన్సర్ మాట. అది అబద్ధం కాదు. 2012లో బ్రిటన్ నుంచి వచ్చిన లెక్క ప్రకారం, పదేళ్లలోపు పిల్లలు పదివేలమందికి తల సీటీ తీస్తే, మొదటి స్కాన్ తర్వాతి పదేళ్లలో లుకేమియా (రక్తపు క్యాన్సర్) కేసు ఒకటి, మెదడు కణితి కేసు ఒకటి అదనంగా రావచ్చు. పదివేలకు రెండు! మన దేశంలో తీసే స్కాన్లను తలచుకుంటే అది చిన్న లెక్క కాదు. అందుకే మీ పనికి విలువ ఉంది. కానీ ఒళ్లో మగతగా పడుకున్న కొడుకుతో నిలబడిన ఒక్క తల్లికి ‘క్యాన్సర్’ అన్న మాట ఒక్కటే వినిపిస్తుంది. పదివేలు వినిపించదు. దేశానికి చెప్పాల్సిన అంకెను మీరు ఆమెకు చెప్పారు.

ఆమెతో చెప్పాల్సింది వేరు. "అమ్మా, బాబు మగతగా ఉన్నాడు, కాబట్టి ఈ స్కాన్ ఇప్పుడే కావాలి. వాడి ఒంటికి తగ్గట్టు కిరణాలు తగ్గించి, తల వరకే, ఒక్కసారే తీస్తాము." ఇంకా అడిగితే, జాగ్రత్తగా తీసిన పిల్లల తల సీటీలో పడేది, ఈ భూమ్మీద బతికినందుకు ఏడాదిలో మనందరి మీదా ఎలాగూ పడే రేడియేషన్‌కు కాస్త అటూఇటూగా సమానమని చెప్పవచ్చు. ప్రపంచ సగటు ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు (ఒంటి మీద పడే రేడియేషన్‌కు కొలత) కదా. మీకు దగ్గరలోనే గంజాం జిల్లా ఛత్రపూర్ తీరం ఉంది. అక్కడి ఇసుకలో రేడియేషన్ వెదజల్లే థోరియం ఉన్న మోనజైట్ అనే ఖనిజం కలిసి ఉండటంతో మామూలు కంటే ఎక్కువే పడుతుంది. ఆ ఊళ్లలో తరతరాలుగా కాపురాలు చేస్తున్నారు. అలాగని సీటీ చింతపిక్కలాట కాదు. మాటకు తూకం ఉండాలంటున్నాను.

ఆ తల్లి ఏ భాష మనిషో మీరు రాయలేదు. మీ జిల్లాలో తెలుగూ ఒడియాతోపాటు కుయి మాట్లాడేవారు, గుణుపురం వైపు సవర మాట్లాడేవారు వస్తారు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తానే సవర నేర్చుకున్నారు. మీరు అంత పని చేయనక్కర్లేదు. మీ సెంటర్లో ఊడ్చే ఆమెకో, గేటు దగ్గరి మనిషికో కుయి వచ్చే ఉంటుంది. ఆ నాలుగు వాక్యాలూ వాళ్లచేత చెప్పించండి.

మీరు తలచుకున్న ఆ మహిళా డాక్టర్ల దగ్గరికి వస్తాను. ఇద్దరి కథలు చెప్పుకుంటే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

మొదటివారు ఆలిస్ స్టీవర్ట్. 1950లలో ఇంగ్లండులో పిల్లలకు లుకేమియా ఎందుకు పెరుగుతోందని వెతుకుతూ ఆమె తల్లులను అడగాలనుకున్నారు. డాక్టర్లు మరచిపోయినవి తల్లులకు గుర్తుంటాయని ఆమె నమ్మకం. చేతిలో ఉన్నది వెయ్యి పౌన్ల గ్రాంటు. ఇచ్చింది ఎవరో తెలుసా? లుకేమియాతో 1931లో కన్నుమూసిన మెహర్‌బాయి పేరిట దోరాబ్జీ టాటా పెట్టిన లేడీ టాటా ట్రస్టు. క్యాన్సర్‌తో పోయిన పిల్లల తల్లులనూ, ఆరోగ్యంగా ఉన్న పిల్లల తల్లులనూ ఒకే ప్రశ్నలు అడిగారు. బిడ్డ కడుపులో ఉండగా తల్లి పొట్టకు ఎక్స్‌రే తీయించుకున్న ఇళ్లలో క్యాన్సర్ దాదాపు రెట్టింపు కనిపించింది. 1956లో మొదటి లేఖ, 1958లో పూర్తి నివేదిక వచ్చాయి. గర్భిణులకు ఎక్స్‌రే తీయడం అప్పట్లో మామూలు సంగతి కాబట్టి తోటి డాక్టర్లకు అది రుచించలేదు. 1962లో అమెరికాలో బ్రయన్ మెక్‌మాన్ వేరే పద్ధతిలో చూసి అవునన్నాక కూడా ఆ అలవాటు పోవడానికి ఏళ్లు పట్టింది. ఆమె చెప్పింది నిజం, ఆమె దారి ఒంటరిది. డబ్బు లేక, గుర్తింపు లేక చాలాకాలం లాక్కొచ్చారు.

రెండోవారు మార్లిన్ గోస్కే, అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆసుపత్రి రేడియాలజిస్టు. 2001 నాటికే పిల్లలకూ పెద్దల సెట్టింగులే వాడుతున్నారని పరిశోధన పత్రాలు వచ్చాయి, పత్రికలు గగ్గోలు పెట్టాయి. అంటే మీరు మొదటి వారంలో చూసింది మీ ఊరి జబ్బు కాదు, అమెరికాలోనూ ఉన్నదే. గోస్కే ముందు నలుగురిని కూర్చోబెట్టారు: పిల్లల రేడియాలజిస్టుల సంఘం, రేడియాలజీ కాలేజీ, టెక్నాలజిస్టుల సంఘం, వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం. 2007లో కూటమి ఏర్పడింది, 2008 జనవరిలో ‘ఇమేజ్ జెంట్లీ’ ఉద్యమం మొదలైంది. ఆ పేరు చూడండి. మృదువుగా బొమ్మ తీయండి అని. ‘ఆపండి’ అని కాదు, ‘ప్రమాదం’ అని కాదు. చెప్పింది నాలుగు మాటలు: అవసరమైతేనే తీయండి, పిల్లల సైజుకు తగ్గించండి, కావలసిన భాగమే తీయండి, మందు ఎక్కించకముందు ఒకసారి, ఎక్కించాక ఒకసారి అని కాకుండా ఒక్కసారే తీయండి. మిషన్లు తయారుచేసేవాళ్లతోనూ మాట్లాడారు, తల్లిదండ్రుల కోసం కరపత్రాలూ వేశారు.

ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న పంచాయతీ నాకు వద్దు. స్టీవర్ట్ లాంటివాళ్లు లెక్క తేల్చకపోతే గోస్కే దేనికోసం కూటమి కట్టేవారు? కానీ డాక్టరమ్మా, మీకు కొత్తగా తేల్చాల్సిన లెక్క ఏదీ లేదు. మీకు కావలసింది మిషను నడిపే కన్సోల్ గదిలో ఒక మనిషి. ఆ మనిషితోనే మీరు మొదటి వారం తగవు పెట్టుకున్నారు.

ఆ టెక్నీషియను గురించి మీరు వెటకారంగా రాసిన వాక్యం ఒకటి ఉంది. ప్రతి పిల్లకూ పొత్తికడుపు మీద సీసపు ముక్క కప్పుతాడనీ, 2019లోనే అమెరికా వైద్య భౌతిక శాస్త్రవేత్తలు దాన్ని మానమన్న సంగతి అతనికి తెలియదనీ. నిజమే. ఆ ముక్క కిరణాల దారిలోకి జరిగితే చూడాల్సిన భాగం మూసుకుపోతుంది, మళ్లీ తీయాల్సి వస్తుంది, మిషను తనంతట తాను డోసు సరిచేసుకునే రకమైతే ఇంకా పెంచుకుంటుంది. కానీ ఆ ముక్కను అతను ఎందుకు కప్పుతున్నాడు? పిల్లలకు కిరణాలు తగలకూడదని ఇరవై రెండేళ్ల కింద ఎవరో చెప్పారు, దాన్ని ఈనాటికీ వదలలేదు. మీరు నేర్పాలనుకున్న భక్తి అతనికి ముందే ఉంది. మంత్రం పాతది, అంతే.

కాబట్టి సీటీతో కాకుండా ఎక్స్‌రే గదితో మొదలుపెట్టండి. ఉత్తరమంతా సీటీయే రాశారు, కానీ రోజూ వచ్చే పిల్లల్లో ఎక్కువమందికి తీసేది ఛాతీ ఎక్స్‌రే. చిన్న పిల్లలకు గ్రిడ్ (చెదిరిన కిరణాలను వడకట్టే పలక) తీసేసి తక్కువ కిరణాలతో తీయవచ్చు. కిరణాలు పడే చోటును చూపే వెలుగు చట్రాన్ని ఛాతీ మేరకు బిగిస్తే చాలు, గడ్డం నుంచి తొడల దాకా పడనక్కర్లేదు. కదిలిపోయిన ఫిల్ములు రోజుకు ఎన్ని మళ్లీ తీశారో ఒక పుస్తకంలో గీతలు పెట్టండి. తప్పు ఎవరిదో రాయవద్దు, గీతలే. దీనికి మామయ్యగారి జేబులోంచి రూపాయి పోదు. నెల తర్వాత గీతలు తగ్గితే, తగ్గించింది అతనే అని నలుగురిలో చెప్పండి.

సీటీలో అతని భయం న్యాయమైనది. డోసు తగ్గిస్తే బొమ్మలో గరుకు పెరుగుతుంది. "గరుకుగా ఉన్నా నేను చదువుతాను, నా సంతకంతో రిపోర్టు ఇస్తాను, తిట్లు నాకు రానివ్వండి" అని మీరు అన్నారా? అన్నట్టు ఉత్తరంలో లేదు. అదొక్కటి అతనికి చెప్పండి. పిల్లల వయసును బట్టి కాకుండా ఒంటి కొలతను బట్టి మూడు నాలుగు సెట్టింగులు ఇద్దరూ కలిసి తయారు చేసి, అతని చేతిరాతతో కాగితం మీద రాయించి కన్సోల్ పక్కన అంటించండి. ఒకేసారి సగానికి దించవద్దు, మెట్టుమెట్టుగా దించుతూ ప్రతి మెట్టులో బొమ్మ ఇద్దరూ చూడండి. బటన్ నొక్కే ముందు తెరమీద డోసు అంకె కనిపిస్తుంది కదా, దాన్ని గట్టిగా చదవడం అతని అలవాటు కావాలి. పెద్దవాళ్లకు చూసే అంకెకూ పిల్లల ఒంటికీ పొత్తు ఎక్కడ కుదరదో, పెద్దవాళ్ల ఒంటికి బదులుగా వాడే 32 సెంటీమీటర్ల ప్లాస్టిక్ దిమ్మె మీద కొలిచిన అంకె పసివాళ్ల విషయంలో ఎందుకు తక్కువ చూపిస్తుందో మీరే అతనికి విడమరచి చెప్పగలరు.

ఇక మామయ్యగారు. ఆయన మాటలు ముల్లులాంటివే. కానీ ‘కొట్టు’ అన్నారని మీరు నొచ్చుకున్నారు చూడండి, ఆయనకు అది కొట్టే. అప్పు చేసి మిషను కొన్నవాడికి ఖాళీ గది కనబడితే నిద్ర పట్టదు. ఆయన భాషలో చెప్పగలిగినవి మీ దగ్గర ఉన్నాయి. తక్కువ డోసుతో తీస్తే మిషనులోని ఎక్స్‌రే ట్యూబు మీద భారం తగ్గుతుంది. ట్యూబు ఖరీదు ఎంతో ఆయనకు కంఠతా వచ్చు. రెండోది, స్కాన్ వద్దని రాసి పేషెంటును వెనక్కి పంపడం మానండి. ఆ కాగితం పట్టుకుని వాళ్లు బజారు గుండా నడిచి వెళ్లి పంపిన డాక్టరు ముందు పెడితే, పదిమందిలో ఆయన పరువు పోతుంది. ఫోను చేయండి. "మీరు పంపిన పాపకు కడుపునొప్పి కదా, ముందు నేను అల్ట్రాసౌండ్ చూస్తాను, తేలకపోతే సీటీ నేనే తీస్తాను" అనండి. అపెండిక్స్‌ను అల్ట్రాసౌండ్‌లో వెతకగల చేయి మీది, పక్క వీధి సెంటరుకు అది లేదు. డబ్బు మీ దగ్గరే ఉంటుంది, పిల్లకు కిరణాలు తప్పుతాయి.

పంపే డాక్టర్లకు ఇచ్చే కమిషన్ గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. రాయలేదు కాబట్టే ఉందనుకుంటున్నాను, తప్పయితే మన్నించండి. 2002 నాటి వైద్య మండలి నియమాలు దాన్ని నిషేధించాయి. అది ఉన్నంతకాలం మీ ఫోన్లు కొంతమంది ఎత్తరు. ఆ సంగతి తెలిసే చేయండి.

ఫిర్యాదు విషయం. ఐదో పేజీలో ఒక మాట అన్నారు: "లైసెన్సు కోసం రేడియేషన్ భద్రతాధికారిగా నా పేరే పెట్టారు, సంతకం చేశాను." మరి ఎవరి మీద ఫిర్యాదు చేస్తారు? నియంత్రణ మండలి లైసెన్సులిచ్చే వెబ్‌సైటు ఈ-లోరాలో ఆ సెంటరుకు భద్రత చూసే మనిషిగా నమోదైనది మీరు. 2004 రేడియేషన్ రక్షణ నియమాల ప్రకారం అది అలంకారం కాదు, బాధ్యత. యజమానికి లోపాలు చెప్పడం, సరిచేయించడం, పరీక్షలు సకాలంలో జరిపించడం ఆ పదవి పని. ఇన్నాళ్లూ మీరు కోడలిగా గొణిగారు. అధికారిగా ఒక్క కాగితం రాయలేదు.

రాయండి. మర్యాదగా, తేదీ వేసి, ఒకటే పేజీ. తలుపులో సీసం సరిగా ఉందా, నాణ్యత పరీక్ష గడువు దాటిందా, సిబ్బంది మీద పడిన కిరణాలను లెక్కగట్టే బ్యాడ్జీలు సొరుగులో పడి ఉన్నాయా, బిడ్డలను పట్టుకునే తల్లికి ఏప్రన్ ఇస్తున్నారా, ఆడవాళ్లను గర్భిణులా అని ముందే అడుగుతున్నారా. పిల్లల సెట్టింగుల కాగితం కూడా అందులో చేర్చండి. మామయ్యగారు కోప్పడతారు. కానీ ఇంట్లో గొడవకూ కాగితానికీ తేడా ఉంది, రేపు తనిఖీ వస్తే ఆ కాగితం ఆయన్నీ కాపాడుతుంది, మిమ్మల్నీ కాపాడుతుంది. పెద్దల సెట్టింగు వాడటం అలవాటులోని లోపం. దాన్ని లోపలి నుంచి దిద్దుకోవచ్చు. లైసెన్సు లేని మిషను, ముక్కలైన సీసపు అద్దం, పద్దెనిమిదేళ్లు నిండని కుర్రాడితో ఎక్స్‌రే తీయించడం లాంటివి ఉంటే అది వేరే సంగతి. రాసినా సరిచేయకపోతే నియంత్రణ మండలికి చెప్పక తప్పదు, చెప్పాక ఆ ఇంట్లో మీ స్థానం మునుపటిలా ఉండదు. ఆ ధర కూడా తెలుసుకునే అడుగు వేయండి.

విశాఖకు వెళితే? వెళ్లడం పారిపోవడం కాదు. అక్కడ మీలాంటి చదువు చదివినవాళ్లు ఉంటారు, అనుమానం వస్తే పక్క గదిలో అడగవచ్చు, రోజూ పిల్లల స్కాన్లే చూస్తారు. మీ వయసులో అది చాలా పెద్ద లాభం. ఒంటరిగా ఉన్న నిపుణుల చేయి మొద్దుబారుతుంది, ఇది నా కళ్లతో చూశాను. నష్టం ఏమిటంటే, మీ జిల్లాలో సెట్టింగు అలాగే ఉంటుంది, ఆ పిల్లలే పార్వతీపురం, విజయనగరం మీదుగా రైల్లో మీ దగ్గరికి వస్తారు. ప్లాస్టిక్ కవరులో రిపోర్టు ఉంటుంది, సీడీ ఉండదు. మళ్లీ తీస్తారు. మీరు ఎక్కడ ఉన్నా ఆపగలిగినది ఈ రెండో స్కాన్. వెళ్లేటట్టయితే భద్రతాధికారిగా మీ పేరు తీయించి, ఇంకొకరి పేరు పెట్టించి వెళ్లండి. ఆ టెక్నీషియనుకు అర్హత ఉంటే అతన్నే పెట్టించవచ్చు. మీరు విశాఖలో, మీ సంతకం ఇక్కడ అన్నది మాత్రం కుదరదు.

నడిమి దారి కూడా ఉంది. విశాఖ ఆసుపత్రివాళ్లను వారంలో కొన్ని రోజులకే అడిగి చూడండి. సీటీలు ఎక్కడి నుంచైనా చదవగల కాలం ఇది, ఊరి సెంటరు పిల్లల స్కాన్లు అక్కడి నుంచే చూడవచ్చు. పాప బడి, రైలు ప్రయాణాలు, రెండు వంటిళ్లు. ఏడాదిలో అలసిపోతారు. నేనైతే ఏడాది గడువు పెట్టుకుని ఇదే చేసేదాన్ని, కానీ నాకు ఆ వయసులో మా అమ్మ తోడుంది. మీకు ఎవరున్నారో మీకే తెలుసు.

అత్తయ్యగారి మాటను మూఢనమ్మకంగా తీసిపారేశారు. ఆవిడ అంటున్నది ఆలిస్ స్టీవర్ట్ తేల్చిందే, కొంచెం వంకరగా. కడుపులో బిడ్డకు కిరణాలు మంచివి కావు. కానీ స్టీవర్ట్ చూసింది నేరుగా పొట్ట మీద ఎక్స్‌రే పడ్డ తల్లులను. మీరు కూర్చునేది సీసపు గోడ వెనక. గర్భం సంగతి చెప్పిన నాటి నుంచి బిడ్డకు 1 మిల్లీసీవర్టు దాటకూడదన్నది మన దేశంలో నియమం. ఇన్నేళ్ల మీ బ్యాడ్జి రిపోర్టులు తెచ్చి ఆవిడకు చూపించండి. బ్యాడ్జి సొరుగులో పెట్టేసి ఉంటే మాత్రం చూపించడానికి ఏమీ ఉండదు, అప్పుడు ఆవిడదే గెలుపు. గర్భం వచ్చాక ఏడ్చే పిల్లను పట్టుకోవడానికి మాత్రం మీరు లోపలికి వెళ్లవద్దు.

బావగారి మౌనం గురించి నేను ఊహించి రాయలేను. ఒక పక్క తండ్రి, ఒక పక్క భార్య, చేతిలో లెక్కల పుస్తకం. స్కాన్లు ఎన్ని తగ్గాయో మీకంటే ముందు అంకెల్లో చూసింది ఆయనే. ఆయన్ను ఎప్పుడైనా అడిగారా, ఎంత తగ్గిందని? ఇంట్లో వద్దు, సెంటర్లో అసలే వద్దు. ఒక ఆదివారం మజ్జిగౌరమ్మ దర్శనానికని పాపను తీసుకుని ముగ్గురూ బయలుదేరండి. దారిలో ఆయన చెప్పే అంకెలు వినండి. విశాఖ సంగతి ఆయన నోటితో మొదట రానివ్వండి.

చివరిగా ఒక చిన్న పని, మీరు ఏ దారి పట్టినా చేయగలిగినది. ఇమేజ్ జెంట్లీవాళ్లు పిల్లల స్కాన్ల వివరాలు రాసుకునే చిన్న కార్డు ఒకటి తయారుచేశారు. ఎప్పుడు, ఎక్కడ, ఏ భాగం అని తల్లి దగ్గర ఉండే కార్డు, టీకాల కార్డులాగే. మీ ఊరి ప్రెస్సులో తెలుగూ ఒడియా రెండు లిపుల్లో వంద కార్డులు వేయించండి. ఆ నాలుగేళ్ల బాబు ఇంటి ఫోను నంబరు మీ రిజిస్టరులో ఉంటుంది. ఫోను చేసి, వాడు ఎలా ఉన్నాడో అడగండి. ఈసారి అటు వచ్చినప్పుడు విశాఖలో ఇచ్చిన సీడీ తెమ్మనండి, మీ కంప్యూటర్లో ఒక కాపీ దాచండి. మొదటి కార్డు వాడి పేరు మీద రాయండి, మొదటి గీతలో ఆ విశాఖ స్కాన్ తేదీ.